అత్తయ్య సంతకం

ఆ ఆసుపత్రి కింది అంతస్తులో, మెట్ల పక్కన, ఏడాది పొడవునా ఉడికిపోయే గది ఒకటుంది. పైన ఆపరేషన్లకు కావలసిన కత్తెరలు, పట్టకార్లు అక్కడే కడిగి, గుడ్డల్లో చుట్టి, బీరువా అంత ఆవిరి యంత్రంలో పెట్టి శుద్ధి చేస్తారు. ఆ గదికి అత్తయ్యే పెద్ద. ఆమె కింద పనిచేసే ముగ్గురిలో ఒకతె సొంత కోడలు. ఇంట్లో అత్త, పనిలో అత్త, ఆదివారం చర్చిలో పక్క కుర్చీలో కూడా అత్తే. కోడలికి కాస్త ఊపిరి సలిపేది బస్సులోనే, అదీ సీట్లు వేరువేరుగా దొరికితే.

అత్తయ్యకు ఆసుపత్రి వాళ్లు పెట్టిన పేరు చూశావమ్మ. ఎవరు ఏ పని అయిందని చెప్పినా ఆమె నోట వచ్చే మొదటి మాట "చూశావా?" అన్నదే. ఇంట్లో గ్యాస్ కట్టేశానన్నా చూశావా, తలుపు గడియ పెట్టానన్నా చూశావా. ఆ మాట వినపడినప్పుడల్లా కోడలు చిన్నబుచ్చుకునేది. నన్ను నమ్మరా ఈవిడ, అని మొగుడి దగ్గర మూతి ముడుచుకునేది. అతను చిన్నప్పటి నుంచీ అలవాటు పడ్డవాడు కాబట్టి నవ్వేసి ఊరుకునేవాడు.

అయితే ఆ చాదస్తానికి విలువ ఉంది. ఇరవై రెండేళ్లుగా ఆమె సంతకం ఉన్న మూటను డాక్టర్లు మారుమాట లేకుండా విప్పుతున్నారు. చర్చిలోనూ అంతే. అక్కడ మనిషికి ఉన్న మంచి పేరును సాక్ష్యం అంటారు, లేచి తన అనుభవం నలుగురికీ చెప్పడాన్నీ సాక్ష్యమే అంటారు. ఫలానా అక్క సాక్ష్యం ఎలాంటిదని అడిగితే, అత్తయ్య విషయంలో ఎవరూ రెండో మాట ఎత్తరు. ఈ సంగతి జరిగిన వారమే, ఆదివారం నాడు, అక్కడ స్త్రీల సమాజానికి కొత్త పెద్దను ఎన్నుకోవాలి. అందరి నోటా అత్తయ్య పేరే. ఆ పదవి మీద కన్నేసిన ఇంకొకావిడ ఉంది గానీ, ఆవిడ లేచి సాక్ష్యం మొదలుపెడితే ఆగదని పిల్లలు మైకు వదిన అని పేరు పెట్టారు.

ముందురోజు, శనివారం మధ్యాహ్నం, కోడలికి తొందరగా ఉంది. మూడింటికి చర్చిలో పాటల సాధన. యంత్రంలో రెండు విడతలుగా పెట్టాల్సిన మూటల్ని ఒకే విడతలో కుక్కేసింది. ప్రతి విడతలోనూ మధ్యలో ఒక పరీక్ష మూట పెడతారు. దాని లోపల చిన్న చీటీ ఉంటుంది. ఆవిరి లోపలిదాకా పాకితే చీటీ పూర్తిగా నల్లబడుతుంది. మూట పైన అంటించిన పట్టీ నల్లబడితే చాలదు, విప్పి లోపలి చీటీ చూడాలి. ఒకరు చూసి, సంతకం పెట్టేవాళ్లు మళ్లీ చూడాలని ఆ గదిలో కట్టుబాటు. ఆ కట్టుబాటు పెట్టింది అత్తయ్యే.

ఆపరేషన్ థియేటర్ నుంచి బండి వచ్చి గుమ్మంలో నిలబడింది. పరీక్ష మూట చెయ్యి కాలేంత వేడిగా ఉంది. పైపట్టీ నిగనిగా నల్లగా ఉంది.

"చూశావా?" అంది అత్తయ్య.

"చూశానత్తయ్యా."

ఆ ఒక్కరోజు అత్తయ్య మళ్లీ చూడలేదు. ఒకవైపు ఫోను మోగుతోంది, మరోవైపు బండివాడు తొందరపెడుతున్నాడు. చెప్పింది ఇంటి మనిషి. సంతకం పెట్టేసింది. బండి వెళ్లిపోయింది.

చీటీని రిజిస్టరులో అంటించాలి కదా, అందుకని పది నిమిషాల తర్వాత కోడలు పరీక్ష మూట విప్పింది. చీటీ సగమే నల్లబడింది. మిగతా సగం పాలిపోయి ఉంది.

పైన పడుకోబెట్టింది ఎవరో ముసలాయనని, పేగు ఆపరేషనని ఆమెకు తెలుసు. వెంటనే పొద్దుటి విడతలో మిగిలిన నల్ల చీటీ సొరుగులో ఉందని కూడా గుర్తొచ్చింది. అది తీసి అంటిస్తే కనిపెట్టేవాడు పుట్టడు. చెయ్యి సొరుగు దాకా వెళ్లింది కూడా. అంతలో అత్తయ్య ఇటు తిరిగింది.

"అత్తయ్యా, ఇది... నేను చూడలేదు. చూశానని చెప్పాను." "పొద్దుటి చీటీ ఒకటి ఉంది. మూటలు మామూలుగానే ఉండి ఉంటాయి. రేపు చర్చిలో మీ పేరు చదువుతారు, ఇప్పుడీ గొడవెందుకు..."

అత్తయ్య తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది కోడలికి. ఆ సగం చీటీని చేతిలోకి తీసుకుని, పైకి ఫోను కొట్టింది. ఎవరూ ఎత్తలేదు. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కింది. మోకాళ్ల నొప్పులతో ఆదివారం పాటకు లేచి నిలబడడానికే కుర్చీ పట్టుకునే మనిషి, మూడంతస్తులు ఒక్క బిగిన ఎక్కేసింది. వెనక కోడలికే ఆయాసం వచ్చింది.

థియేటర్ తలుపు దగ్గర నుంచే అరిచింది. "డాక్టరుగారూ, ఆ మూటలు ముట్టుకోకండి!"

డాక్టరు చేతులకు తొడుగులు వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. "మీ సంతకం ఉంది కదమ్మా?"

"నా సంతకం ఉంది. నేను చూడలేదు."

ఆ రెండు ముక్కలు విని అక్కడున్న నర్సులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డాక్టరు తొడుగులు పీకి బుట్టలో కొట్టాడు. ముసలాయనకు ఇంకా మత్తు ఇవ్వలేదు కాబట్టి సరిపోయింది. ఆపరేషన్ రెండు గంటలు వాయిదా పడింది.

సూపరింటెండెంటు పాత మనిషి, అత్తయ్యంటే గౌరవం. గదిలోకి పిలిచి, నెమ్మదిగా దారి చూపించాడు. "యంత్రం మొరాయించిందని రాసేయండమ్మా. పాతదే కదా, ఎవరూ అడగరు."

"పాపం, నోరులేని యంత్రం సార్. దాని మీదికి తోసేస్తే ఎదురు చెప్పదనేగా? అది బాగానే పనిచేసింది. మేమే చెయ్యలేదు."

"మరి చూశానని మీకు చెప్పిందెవరు?"

కోడలు గోడకు అంటుకుపోయింది. అత్తయ్య తనను కాస్తుందని, ఆ మాత్రం దయ ఉంటుందని ఆశపడింది.

"మా కోడలు చెప్పింది. మూటలు కుక్కిందీ తనే. తప్పు కనిపెట్టి నాకు చూపించిందీ తనే, అదీ రాయండి. కానీ సంతకం నాది. సంతకం పెట్టేవాళ్లు నమ్మకూడదు, చూడాలి."

కోడలికి తల కొట్టేసినట్టయింది. కాసేపటికి ఇంకోటి కూడా అర్థమైంది. అత్తయ్య తన గురించి చెప్పుకున్నదాంట్లో గానీ, కోడలి గురించి చెప్పినదాంట్లో గానీ చిటికెడు ఎక్కువ లేదు, చిటికెడు తక్కువ లేదు. ఇలాంటి మనిషి పక్కన ఇన్నేళ్లు కూర్చుని, ఈవిడ నన్ను నమ్మదని మొగుడి దగ్గర ఏడ్చానా అని సిగ్గేసింది.

మూడు నెలల పాటు అత్తయ్యకు సంతకం పెట్టే అధికారం తీసేశారు. కోడలికి హెచ్చరిక కాగితం ఇచ్చారు.

ఆదివారం చర్చిలో పేరు చదవకముందే అత్తయ్య కుర్చీ పట్టుకుని లేచింది. జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పి, "ఇది తెలియకుండా నన్ను ఎన్నుకోవడం న్యాయం కాదు" అని కూర్చుంది. హాలంతా గుసగుసలు. ఎవరో "ఇన్నేళ్ల సాక్ష్యం, చూడు ఎలా పోయిందో" అన్నారు.

ఆ మాట కోడలికి గుండెలో దిగింది. పెళ్లయిన ఎనిమిదేళ్లలో ఆమె ఎన్నడూ సాక్ష్యం చెప్పడానికి లేచిన పాపాన పోలేదు. ఇప్పుడు లేచింది.

"చూడకుండా చూశానన్నది నేను. దొంగ చీటీ అంటిద్దామని ముందే సొరుగు మీద చెయ్యి వేసిందీ నేనే, అంతదాకా వెళ్లానని అత్తయ్యకు కూడా చెప్పలేదు. ఆవిడ సాక్ష్యం పోయిందని ఎవరన్నారో గానీ, నేను నిన్ననే చూశాను దాన్ని. ఆవిడ మెట్లెక్కుతుంటే చూశాను."

అత్తయ్య తల ఎత్తలేదు, కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయింది. పదవి మైకు వదినకే దక్కింది. చప్పట్లు మొదట కొట్టింది అత్తయ్యే. కానీ చర్చి వదిలాక ఆడవాళ్లు తమ గోడు చెప్పుకోవడానికి చుట్టూ చేరింది మాత్రం అత్తయ్య కుర్చీ దగ్గరే.

సోమవారం మొదటి విడత దిగింది. ఇప్పుడు సంతకం పెట్టాల్సింది వేరే ఆవిడ. ఆవిడ కలం పట్టుకుని నిలబడితే, కోడలు పరీక్ష మూట విప్పి చీటీ తీసింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా నల్లగా ఉంది.

మూల నుంచి అత్తయ్య గొంతు వినిపించింది. "చూశావా?"

"చూశానత్తయ్యా" అంది కోడలు. అని ఊరుకోకుండా, చీటీ పట్టుకుని గది దాటి వెళ్లి ఆమె కళ్లద్దాల ముందు పెట్టింది.

"మీరూ చూడండి."