పియానోకు బిగించిన బల్ల

పియానోకు బోల్టులు దించినవాడు డెల్బర్ట్. అందులో రెండో మాట లేదు.

ఆర్విడ్ స్టెనర్సన్‌కు కావలసింది కదలని బల్ల ఒక్కటే. అమెరికాలోని వయోమింగ్‌లో జింకల వేట శనివారం మొదలవుతుంది. ఏడేళ్లు దరఖాస్తు పెట్టుకుంటే ఈసారి పర్మిట్ వచ్చింది. తీసుకెళ్లాలనుకున్న తుపాకి పోయిన భార్య లోర్నాది. దానికి పట్టే తూటాలు ఇప్పుడు ఏ దుకాణంలోనూ దొరకవు. పేల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాలనే మీట లాగే చేతి ప్రెస్‌లో పెట్టి సాపు చేసి, తుపాకిమందు తూచి పోసి, గుండు బిగించుకోవాలి. ముప్ఫై ఏళ్లు ఆమె తూటాలు ఆయనే నింపాడు. మొన్నటి చలికాలం షెడ్డు కారి, ప్రెస్ బిగించుకునే పాత బల్ల పుచ్చిపోయింది.

కొత్తది కడతానని లోర్నా తమ్ముడు డెల్బర్ట్ వచ్చాడు. ఎవరూ పిలవలేదు. కట్టాడు. చూపుకి గట్టిగానే ఉంది. ఆర్విడ్ ప్రెస్ మీట కిందికి లాగగానే బల్ల వెనక కాళ్లు లేచాయి. దాని మీద మందు తూచే త్రాసు ముల్లు తాగినవాడిలా ఊగింది.

"కదులుతోంది," అన్నాడు.

"కొంచెమే కదా బావా."

"మందు కొంచెం ఎక్కువైతే తుపాకి మొహమ్మీదే పేలుతుంది. అప్పుడు నువ్వూ కొంచెమే ఏడుద్దువుగాని."

"నీకోసం అంతమాత్రం ఏడ్చేవాడు కూడా లేడులే."

గోడకు బిగిద్దామంటే షెడ్డు గోడలు రేకులవి. నేలకు బిగిద్దామంటే సిమెంటు ఎక్కడ ముట్టుకుంటే అక్కడ పెచ్చులు లేస్తోంది. సోమవారం నుంచి బుధవారం దాకా ఇదే బాగోతం. చివరికి ఆర్విడ్‌కు విసుగు నెత్తికెక్కింది.

"ఈ షెడ్డులో కదలనిదంటూ ఒక్కటైనా ఉందా? ఉంటే దానికి కట్టి చావు," అని మందు డబ్బా కొనడానికి పట్నం వెళ్లిపోయాడు.

కదలనిది ఒకటుంది. లోర్నా పియానో. దాన్ని చర్చికి ఇమ్మని చెప్పి మరీ ఆమె కన్నుమూసింది. చర్చివాళ్లు మార్చిలో వస్తామంటే మంచు ఉందన్నాడు ఆర్విడ్. జూన్‌లో వస్తామంటే గడ్డి కోతలన్నాడు. ఇక సాకు దొరక్క గురువారం రమ్మని చెప్పి, ట్రక్కుకి ఎక్కించడం తేలికని దాన్ని షెడ్డులోకి తోసి పెట్టాడు.

పట్నం నుంచి వచ్చేసరికి బల్ల పియానో వీపుకి బిగించి ఉంది. జానెడు బోల్టులు నాలుగు. వాటిలో ఒకటి తీగల వెనకుండి మోతనిచ్చే పలకను నిలువునా చీల్చింది.

"నీ తలకాయలో ఉన్నది మెదడేనా?"

"కదలనిదానికి కట్టమన్నావుగా. కట్టాను."

"రేపు చర్చివాళ్లొస్తున్నారు."

డెల్బర్ట్ బుగ్గ గోక్కున్నాడు. "అది గుర్తుకు రాలేదు బావా."

"మీ అక్క పోతూ పోతూ అడిగింది ఆ ఒక్కటే."

"తిట్లు ఎక్కడికీ పోవు. ముందు ఒక్కసారి లాగి చూడు."

ఆర్విడ్ ప్రెస్‌లో గొట్టం పెట్టి లాగాడు. బల్ల బండలా నిలబడింది. త్రాసు ముల్లు చెక్కు చెదరలేదు. పియానో లోపల తీగలు మాత్రం సన్నగా మోగాయి. ఆయన చెయ్యి మీట మీదే ఆగిపోయింది. మోత పూర్తిగా అణిగాక మళ్లీ లాగాడు. మళ్లీ మోగాయి.

"ఊడదీసెయ్యనా? పగులుకి జిగురు పెట్టి, కన్నాలకి లప్పం కొట్టి, పైన రంగేస్తే వాళ్లకేం తెలుస్తుంది?"

"నోరు మూసుకుని గొట్టాలందించు," అన్నాడు ఆర్విడ్.

గురువారం పొద్దున చర్చి పెత్తనం చూసే వర్నా హాల్వర్సన్ ఇద్దరు మనుషుల్ని, ట్రక్కుని వెంటబెట్టుకుని వచ్చింది. పియానో చుట్టూ తిరిగింది. బోల్టులు చూసింది. వంగి పగులు చూసింది.

"ఎవరి పని ఇది?"

డెల్బర్ట్ టోపీ తీసి చేత పట్టుకున్నాడు. వాడు నోరు తెరిచేలోగా, "నాదే," అన్నాడు ఆర్విడ్.

"లోర్నా మాకు మాటిచ్చింది."

"ఇచ్చింది. నేను పాడుచేశాను. ఇంకోటి చూసుకోండి."

"నీలాంటివాడితో ఆ తల్లి ఎలా వేగిందో."

"ఆవిడా అదే అనేది."

ట్రక్కు ఖాళీగా వెళ్లిపోయింది. అది మలుపు తిరిగేదాకా డెల్బర్ట్ ఓపిక పట్టాడు.

"అదేంటి బావా, నేను చేసినదాన్ని నువ్వు..."

"ఈ సంగతి ఇవాళ్టితో సరి. చచ్చేదాకా నేనెత్తను. నువ్వెత్తావంటే ఈ షెడ్డు గడప తొక్కకు," అని ఆర్విడ్ బల్ల దగ్గరికి నడిచాడు.