అరవై నాలుగు కన్నాలు

షుకూర్ ఇత్తడి రేకును ట్రేలో ముంచి, గోధుమరంగు ద్రావకాన్ని అటూ ఇటూ ఊపుతున్నాడు. జూలూరుపాడులో ముప్పై ఏళ్లు రేడియోలూ సెల్‌ఫోన్లూ బాగుచేసినందుకు అతనికి మిగిలింది వేళ్ల వణుకు. వెంట్రుకంత సన్నని కాళ్లున్న చిప్పులను చేత్తో అతికించలేక, ఈ స్టెన్సిల్ రేకులు ఇంట్లోనే చేసుకోవడం నేర్చాడు. రేకు కన్నాల మీద టంకం ముద్ద పులిమితే, బోర్డు మీద ఎక్కడ పడాలో అక్కడే పడుతుంది. ట్రే ఊపడానికి మాత్రం ఆ వణుకు భలే పనికొస్తుందని భార్య ఖమరున్నీసా ఎగతాళి చేసేది.

కన్నాల బొమ్మ అచ్చయిన కాగితాన్ని రేకు మీద పెట్టి ఇస్త్రీ చేయడం ఆమె వంతు. వేడికి సిరా రేకుకు అంటుకుంటుంది. అది అంటని చోటల్లా ద్రావకం రేకును తినేసి కన్నం చేస్తుంది. తయారైన రేకును కిటికీకి ఎదురుగా పట్టుకుని కన్నాలు లెక్కపెట్టడం కూడా ఆమె పనే. ఒక్కటి పూడినా వెనక్కి పంపేది.

ఇవాళ ఆమె మంచం మీద ఉంది. పొద్దున వోల్టేజీ ఎగిరి, ఆమెకు ఊపిరినిచ్చే ఆక్సిజన్ మెషీన్ బోర్డులో అరవై నాలుగు కాళ్ల చిప్పు కాలిపోయింది. కొత్తది అతికించాలంటే రేకు కావాలి. సిలిండర్‌లో కొంచెమే మిగిలింది. ఇస్త్రీ షుకూర్ తనే చేయబోతే కాగితం జరిగి మొదటి రేకు పాడైంది. ఇక ఉన్నది ఇదొక్కటే.

పక్కింటి బలరాం గుమ్మంలోకి వచ్చాడు.

"వాగు తగ్గలేదంట చాచా. అంబులెన్స్ అవతల్నే ఆగింది. ట్రాక్టర్ దొరుకుతదేమో చూస్త."

షుకూర్ ట్రే వదిలి లోపలికి వెళ్లాడు. సిలిండర్ ముల్లు ఎర్ర గీత మీద ఉంది. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఏం చెయ్యాలో తోచక ఆ చేతినే మెల్లగా ఊపుతూ కూర్చున్నాడు.

"రేకు ఏసి ఎంతసేపయింది?" అంది ఆమె.

"ఇరవై నిమిషాలు."

"మరి ఈడ కూసున్నవేంది? ఎక్కువ తినేస్తది. పోయి తియ్యి."

"నువ్వు..."

"తెచ్చి చూపియ్యి. లెక్కపెడత."

లేవబుద్ధి కాలేదు. కానీ ఆ రేకు లేకపోతే ఆమెకు ఊపిరి లేదు. వెళ్లాడు. రేకును నీళ్లలో కడిగి, సిరా గీకి, తడితోనే తెచ్చాడు. ఇంత శుభ్రంగా ఏ రేకూ రాలేదు.

"చూడు," అన్నాడు.

ఆమె కళ్లు కిటికీ వైపే ఉన్నాయి. ఛాతీ కదలడం లేదు. రెండుసార్లు పిలిచాడు. పక్కన ఉండాల్సినవాణ్ని రేకు కోసం పోతినే అని గుండె కోసేసినట్టయింది.

మధ్యాహ్నం బలరాం ట్రాక్టర్ తెచ్చేసరికి ఇంటినిండా జనం. కిటికీ ఊచలకు ఆనించిన ఇత్తడి రేకులోంచి మబ్బు వెలుతురు వస్తోంది. అరవై నాలుగు కన్నాల్లో ఒక్కటీ పూడలేదు.