గట్టు దాటిన సున్నము

శరత్కాలావసానమున హేమంతలక్ష్మి తొలియడుగిడుచున్న యొక ప్రభాతమున గోదావరీప్రాంతపు టెఱ్ఱనేల మెట్టపై పలుచని మంచుతెర తొలగుచుండ బాలభానుని లేతకిరణములు మంగాయమ్మ చిక్కుడుపందిళ్లపై బడి హిమకణములను ముత్తెములవలె మెఱయించుచుండెను. గట్టున కావలనున్న పేరిందేవమ్మ వంగతోట మాత్రము పచ్చదనము వీడకయే తలలు వ్రేలవైచి నిలుచున్నచోటనే వాడి చచ్చుచుండెను.

వారిరువురు తోడికోడండ్రు. పెద్దదియగు పేరిందేవమ్మ వంకాయలు సంతలో ప్రసిద్ధములగుటచే నా కీర్తిగర్వమున నామె యేటేట నానేలనే వంగయు, వంగ తీసినంతనే మిరపయు నాటుచు వచ్చెను. మంగాయమ్మయో వంగ వేసినచోట మఱుసటియేడు చిక్కుడును బిమ్మట తోటకూరను వేయుచు, దుక్కికి ముందు పొడిసున్నము చల్లి నేలపులుపు విఱుచుచుండెడిది. ఒకేజాతి పైరు మఱలమఱల వేసిన తెగులు నేలలోనే నిలుచునని యక్కకు చెప్పబోగా "నిన్నగాక మొన్నొచ్చావు, నాకు తోట పెంచడం నేర్పుతావా?" యని యామె యీసడించెను.

ఆ ప్రభాతమున పేరిందేవమ్మ తోటకు వచ్చి, చచ్చిన మొక్కలు తాను పెఱికివేసిన యొక మడిలో మంగాయమ్మ తట్ట చంకనిడుకొని తెల్లనిపొడి చల్లుచుండుట కనెను. కని, క్రోధావేశముచే నొడలెఱుంగక, యామె నా తట్టతోడనే నీళ్లు తోడు స్త్రీలున్న నూతికడకు చేయిపట్టి యీడ్చుకొనిపోయెను.

"చూడండే దీని చేతులు! నా తోటమీద మందు జల్లి చంపేస్తంది. కడుపు పండని ముండ, పక్కవాళ్ల పచ్చదనం చూళ్లేకపోతంది!"

"మందు కాదక్కా, సున్నం. నువ్వెలాగూ వెయ్యవని నేనే జల్లాను."

"సున్నమైతే తిను, చూద్దాం."

మంగాయమ్మ యక్క మొగమువంక జూచి చిటికెడు పొడి తీసి నోట వైచుకొనెను. కనులనుండి జలజల నీరు గాఱెను, పెదవులు కమిలెను. ఒక వృద్ధురాలు తట్టలోని పొడి వ్రేళ్లనడుమ నలిపి "గోడకేసే సున్నమే తల్లీ" యని, మంగాయమ్మ నోరు నీళ్లతో కడిగించి యింటికి గొనిపోయెను. తక్కినవారును పేరిందేవమ్మ నొక్కమాటయు ననక తమ కడవలెత్తుకొని వెడలిరి. వారు నిందించియుండిన నామె బదులాడియుండును.

నాటినుండి పేరిందేవమ్మ ప్రతిదినము చల్లనిమజ్జిగ గొనిపోయి చెల్లెలి గడపకడ నుంచి, లోనికి బోవ ముఖము చెల్లక మరలివచ్చుచుండెను. నాలుక పొక్కులు మానినయుదయమున మంగాయమ్మయే తలుపు తీసెను.

"నన్ను నాలుగు మాటలు తిట్టవే, చెల్లీ."

"తిడితే నీ తోట బాగుపడదక్కా. ఆ వంగంతా పీకి తగలబెట్టు. సున్నమేసి కొన్నాళ్లాగి చిక్కుడెయ్యి."

పేరిందేవమ్మ సిగ్గుచే భూమిలోనికి గ్రుంగినట్లయ్యెను. తిన్నగా నా నూతికడకే పోయి "తప్పు నాది. అది నా తోట కాపాడబోతే దాని నోరు కాల్చాను" అని యందఱియెదుట నేడ్చెను. చెల్లెలు చెప్పినట్లే చేసెను. చిక్కుడు విరుగగాచెను, కొన్నియేండ్లకు మడి మార్చి వేసిన వంగయు గాచెను. మంగాయమ్మ యెప్పటియట్లే యక్కతో కలసిమెలసి యుండెను.

అయినను, ఏటేట తన మడిలో సున్నము చల్లుటకు ముందు మంగాయమ్మ తట్టతో గట్టుపై నిలిచి "అక్కా, సున్నం జల్లుతున్నాను. ఓసారొచ్చి చూసుకో" అని పిలుచుచుండెడిది. ఆ గొంతున నెత్తిపొడుపు లేశమును లేదు. ఉండిన పేరిందేవమ్మ సహింపగలిగియుండును. ఆమె వచ్చి, తట్ట వట్టిదగువఱకు గట్టుచెంత తలవంచుకొని నిలుచుచుండెను.