తాళ్ళాయన లేని సినిమా

బ్రేకుల మేడమ్‌కి ఆ సినిమా చూడాలని లేదు. కారు నడపడం నేర్పేటప్పుడు తన కాలికింద ఉండే రెండో బ్రేకు మీదే ప్రాణాలన్నీ పెట్టుకుంటుందని శిష్యులు పెట్టిన పేరది. ఆ వారమంతా స్టీరింగు పట్టుకున్న ప్రతివాడిదీ ఒకటే పాట.

"ఒక్కడే, మేడమ్. మ్యాపు లేదు, టెంటు లేదు. అడవిలోకి నడిచి వెళ్ళిపోయి మళ్ళీ తనే బయటపడ్డాడు. నిజంగా జరిగిందట."

"అద్దం చూసి తిప్పు," అనేది ఆమె.

వాడు తనంతట తాను బయటపడలేదని ఆమెకు తెలుసు. వెతకడానికి వెళ్ళినవాళ్ళలో ఆమె భర్త ఉన్నాడు. తప్పిపోయినవాళ్ళను గాలించడమే ఆయన ఉద్యోగం. భుజాన ఎప్పుడూ తాళ్ళచుట్ట వేలాడేది కనుక అందరూ తాళ్ళాయన అనేవారు. ఆ వెతుకులాటలోనే ఆయన వాగులో కొట్టుకుపోయాడు. ఆ కుర్రవాడు మాత్రం ఆసుపత్రిలో కోలుకుని, అటునుంచి అటే ఊరు దాటాడు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా వీళ్ళ గడప తొక్కలేదు.

సినిమాకి వెళదామన్నది అత్తగారు.

"మావాడి వేషం ఎవరు వేశారో చూడొద్దూ?"

"మీకు తెర సరిగ్గా ఆనదు కదా, అత్తయ్యా."

"నీ కళ్ళున్నాయిగా. చెబుదువుగాని పద."

ఆదివారం మధ్యాహ్నం ఆటకి హాలు కిటకిటలాడుతోంది. తెరమీద హీరో గుడ్డబూట్లతో, బిస్కెట్ పొట్లాలతో అడవిలోకి దిగాడు. కొండ అంచున నిలబడి సెల్‌ఫోన్ లోయలోకి విసిరేశాడు. ఈలలు మోగాయి. బ్రేకుల మేడమ్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆ ఫోను ఉండుంటే ఆయన వాగులూ వంకలూ పట్టుకు తిరగాల్సిన పనే ఉండేది కాదు.

"వచ్చాడా?" అంది అత్తగారు.

"ఇంకా లేదు."

హీరోకి జ్వరం వచ్చింది. ఆకులు నమిలాడు. చెట్లతో మాట్లాడాడు.

"ఇప్పుడో?"

"వస్తాడు, ఉండండి."

ముందు వరసలోంచి ఒకాయన వెనక్కి తిరిగి, "ముసలావిడ నోరు కాస్త మూయించండమ్మా," అన్నాడు.

వాగు పొంగింది. హీరో ఒక్కడే సుడిలో మునిగి తేలి, వేరు పట్టుకుని బండమీదికి ఎక్కి, ఆకాశంలోకి చెయ్యెత్తాడు. హాలంతా చప్పట్లు. ఆపైన పేర్లు పడ్డాయి.

"అదేమిటే, నేను కునుకు తీశానా? మావాడు ఎప్పుడొచ్చి వెళ్ళాడు?"

"రాలేదు అత్తయ్యా. అసలు పెట్టనే లేదు."

దీపాలు వెలిగాయి. ముసలావిడ చేతిసంచీ ఒళ్ళోకి లాక్కుని అలాగే కూర్చుంది.

బయట పోస్టరు కింద బల్ల వేసుకుని అసలు మనిషి సంతకాలు పెడుతున్నాడు. బ్రేకుల మేడమ్ అత్తగారి చెయ్యి పట్టుకుని జనాన్ని తోసుకుంటూ ముందుకు పోయింది.

"లైనులో రండి," అన్నాడు హాలు మేనేజరు.

"తాళ్ళాయన పెళ్ళాన్ని. ఈవిడ ఆయన తల్లి," అంది ఆమె, కుర్రవాడి మొహంలోకి చూస్తూ.

వాడి చేతిలో కలం ఆగింది. లేచి నిలబడ్డాడు.

"అక్కా..."

"నేను నీకు అక్కని కాను."

"నేను వాళ్ళకి చెప్పానండీ. ఆయన గురించి మొత్తం చెప్పాను. కథకి బరువెక్కువైపోతుందని తీసేశారు. జనం నన్ను తప్పుపడతారని..."

"పట్టరా మరి?"

మేనేజరు అడ్డు రాబోతే ముసలావిడ సంచీతో పక్కకి నెట్టేసింది.

"అవన్నీ నాకెందుకురా. వాడు చివర్లో ఏమన్నాడు? అది చెప్పు. పక్కన ఉన్నది నువ్వొక్కడివే."

లైను మొత్తం చెవులు రిక్కించింది. వాడు బల్ల ఇవతలికి వచ్చాడు.

"తిట్టారమ్మా. 'బుద్ధిలేని గాడిదా, ఆ బూట్లతోనా వచ్చావు' అని. తిడుతూనే తన నడుముకి ఉన్న తాడు విప్పి నాకు కట్టారు. బండమీదికి తోశారు. నేను వెనక్కి తిరిగేసరికి లేరు."

"గాడిదా అన్నాడా," అంది ముసలావిడ మెల్లగా. "కోపం వస్తే వాడికి అదే మాట."

కాలు జారి పడ్డాడనే ఇన్నాళ్ళూ అందరూ బ్రేకుల మేడమ్‌కి చెప్పారు. ఎన్నో తాళ్ళు కట్టినవాడు తన తాడు ఎలా వదిలేశాడా అని ఎన్ని రాత్రులు తిట్టుకుందో.

"ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి నీకు రెండేళ్ళు పట్టిందా?" అంది. "అదీ మేము టిక్కెట్టు కొనుక్కుని వస్తే?"

"మొహం చెల్లలేదండీ. సాయంత్రం ఆటకి ముందు మైకులో చెబుతాను. ఎవరు కాదన్నా సరే."

"చెప్తే చెప్పు, మానితే మాను. మెచ్చుకుంటాననుకోకు. మా వీధిలో మాత్రం కనిపించకు."

లైనులోని ఒక కుర్రవాడు సంతకం పెట్టించుకున్న కాగితాన్ని మడిచి బల్లమీదే వదిలేసి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు కదల్లేదు.

కారు దాకా వచ్చాక అత్తగారు ఆగింది. "వాణ్ణి ఒకసారి ఇంటికి రమ్మంటే ఏం పోయింది? ఇంకేమన్నాడో అడుగుదును."

"మీకు కావాలంటే బయటెక్కడైనా కలుసుకోండి, అత్తయ్యా. నేనే దింపుతాను. నా ఇంట్లో మాత్రం వద్దు."

ముసలావిడ కారు ఎక్కి తలుపు వేసుకుంది.