రబ్బరు కింద పిళ్ళయార్ సుళి

విరుదునగర్ షోరూంలో కారు చేతికివ్వడమంటే పెద్ద నాటకం. ఎర్ర శాటిన్ గుడ్డ కప్పుతారు, కేకు పెడతారు, పనివాళ్ళంతా వరుసగా నిలబడి చప్పట్లు కొడతారు. కొన్నవాళ్ళు గుడ్డ లాగి, గంట కొట్టి, ఫోనుకేసి నవ్వాలి. నవ్వు సరిగ్గా పడకపోతే మళ్ళీ గుడ్డ కప్పి ఇంకోసారి లాగిస్తారు. ఈ వేషాలంటే ఉదయకుమార్‌కి ముందునుంచీ ఒళ్ళుమంట.

అయినా అక్క వాసుకి కోసం వచ్చాడు. ఇరవై ఏళ్ళు అరుప్పుకోట్టై నుంచి చీరల మూటలు బస్సుల్లో మోసి అమ్మిన మనిషి, నలభై ఆరో ఏట డ్రైవింగ్ నేర్చుకుని కొన్న మొదటి కారు ఇది.

వాసుకి గుడ్డ లాగింది. చప్పట్లు మోగాయి. ఉదయకుమార్ చూపు మాత్రం ఎడమవైపు వెనక తలుపు మీదే ఆగిపోయింది. ఆ తెలుపు మిగతా తెలుపుకంటే ఒక్క పిసరు పచ్చగా ఉంది. వేరేవాళ్ళకి తెలియదు. అతని కంటికి మాత్రం చిక్కింది.

కోవిల్‌పట్టిలో అతనిది టింకరింగు, పెయింటు షెడ్డు. రెండు నెలల కిందట సాత్తూరు దగ్గర కొత్త కార్ల లారీ ఒరిగి నాలుగు కార్లు నలిగాయి. మేనేజరు బాలచందర్ వాటిని ఎవరి కంటా పడకుండా ఉదయకుమార్ షెడ్డుకి పంపాడు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. ఎవరికి అంటగడతారని ఉదయకుమార్ అడగలేదు. ఆ షోరూం పంపే పనితోనే అతని షెడ్డు నడుస్తోంది. నలిగింది సాపు చేసి, పుట్టీ పెట్టి, రంగు కొట్టి తిప్పి పంపేశాడు.

ఏ పనికైనా ముందు పిళ్ళయార్ సుళి, అంటే వినాయకుడి పేర గీసే చిన్న సుడి, పెట్టనిదే అతని చెయ్యి ఆడదు. కారుకైతే తలుపు రబ్బరు కింద, రంగు తగలని చోట, పెన్సిలుతో గీస్తాడు.

ముందుకెళ్ళి తలుపు తెరిచి రబ్బరు లాగాడు. సుళి అక్కడే ఉంది.

"ఏమిరా చేస్తా ఉండావు?" అంది వాసుకి.

"ఇది దెబ్బతిన్న బండి, అక్కా. లారీలోనే నలిగింది. ఈ తలుపుకి నేనే పెయింటు కొడ్తిని."

చప్పట్లు ఆగిపోయాయి. బాలచందర్ నవ్వు చెదరకుండా దగ్గరికొచ్చి అతని చెవిలో తమిళంలో అన్నాడు. "ఇక్కడ వద్దు తంబీ. మీ అక్కకి వేరే కారు ఇస్తాను. నీకు రేపటినుంచి పని కావాలా, వద్దా?" ఆ వెంటనే పనివాళ్ళ వైపు తిరిగి గుడ్డ కప్పమన్నాడు.

ఉదయకుమార్ అతని కాలరు పట్టుకున్నాడు. "మా అక్కనే మోసం చేస్తావా?"

"వాణ్ణి విడు" అంది వాసుకి. ఆమె తమ్ముడినే చూస్తోంది. "ఇట్లా ఎన్ని బండ్లకి కొడ్తివి?"

"నాలుగు."

"తక్కిన మూడూ ఎవరి అక్కల ఇండ్లకి పోయినాయి? అప్పుడు రాలేదేమిరా ఈ కోపం?"

చెంప పగలగొట్టినా అంత మండేది కాదు. కాలరు మీదున్న చెయ్యి జారిపోయింది. కోపం చల్లారలేదు, తన మీదికే తిరిగింది.

వాసుకి తన ఫోను తీసి, వీడియో పెట్టి అతనికి ఎదురుగా పట్టింది. "సెప్పు."

అతను నేల చూస్తూ తమిళంలో చెప్పాడు. "నా పేరు ఉదయకుమార్. కోవిల్‌పట్టి. ఈ రెండు నెలల్లో ఇక్కడ కారు కొన్నవాళ్ళు తలుపుల రబ్బర్లు లాగి చూసుకోండి. కింద సుళి ఉంటే అది దెబ్బతిన్న బండి. దాన్ని కొత్తదిగా చేసింది నేనే."

వాసుకి ఫోను దించలేదు.

"తల వంచుకుంటివి. మొగం కనబడలే. ఇంకోసారి సెప్పు."