పాదం కదలని మనిషి

మా అన్నయ్య పెద్దింటయ్య మాట వస్తే ఏలూరు చేపల బజారులో ఇప్పటికీ ఇద్దరు ముసలివాళ్ళు తగువు పడతారు. "అంతటి మొనగాడు మళ్ళీ పుట్టడు" అంటాడొకడు. "వాడికసలు కాలే నిలవదు" అంటాడు రెండోవాడు. ఇద్దరూ కళ్ళారా చూశామనే చెబుతారు. చూశారు, కాదనను. చూసిందేమిటో తెలియలేదు, అంతే.

మాది కొల్లేటి నడుమ చిన్న లంక. మావాళ్ళకి మనిషిని తూచే పద్ధతి ఒకటే, పాదం. తాటిమొద్దు తొలిచిన దోనె మూరెడు వెడల్పుంటుంది. అందులో నిలబడే గెడ వెయ్యాలి, నిలబడే వల విసరాలి. వల వేసే చోటు కోసం ఇద్దరికి తగువొస్తే పెద్దలు రెండు దోనెలు పక్కపక్కన ఆపి, చెరొకదానిలో ఒకణ్ణి ఎక్కించేవారు. పిడికిళ్ళతో కొట్టుకోవాలి. నీళ్ళలో పడ్డవాడు ఓడినట్టు. ముక్కు పగిలినా దవడ జారినా ఎవరూ లెక్కపెట్టరు. నిలబడి ఉన్నాడా, గెలుపు వాడిదే.

మా అన్నయ్య పందొమ్మిదో ఏట అలా మొదటిసారి కొట్టుకున్నాడు. అవతలివాడు పడేసరికి వాడి పన్ను ఒకటి అన్నయ్య పిడికిట్లో దిగబడి ఉంది. అమ్మ సూది కాల్చి తీసింది. తీస్తున్నంతసేపూ అన్నయ్య నవ్వుతూనే ఉన్నాడు. ఆ తరవాత ఎవరూ వాణ్ణి నీళ్ళలో పడెయ్యలేదు.

అసలు సంగతి ఇంకొకటుంది. అది నాకూ అమ్మకీ తప్ప తెలియదు. శీతాకాలం తెల్లవారుజామున వలలకి వెళ్ళేటప్పుడు అన్నయ్య నిలబడే నిద్రపోయేవాడు. చేతులు గెడ వేస్తూనే ఉండేవి, దోనె సాగుతూనే ఉండేది, మనిషి మాత్రం లేడు. నేను ముందు కూర్చుని వాడి పాదాలు చూసేదాన్ని. నిద్రపట్టగానే రెండు బొటనవేళ్ళూ లోపలికి ముడుచుకునేవి, పిట్ట కొమ్మని పట్టుకున్నట్టు. ఒడ్డు రాగానే వాడి మోకాలి వెనక చేత్తో తట్టేదాన్ని. ఉన్నచోటే కూలబడి, కళ్ళు తెరిచి, "వచ్చేశామా, పైడీ?" అనేవాడు.

నాకు పదహారో ఏడు నడుస్తుండగా, అంటే ముప్ఫైయారులో, ఏలూరుకి ఒక గుడారం కంపెనీ వచ్చింది. పులిని ఆడించేవారు, తాడు మీద నడిచేవారు, చివర్న బాక్సింగు పెట్టేవారు. ఊళ్ళో ఎవడైనా తోలు తొడుగులు వేసుకుని కంపెనీ మనిషితో గుద్దులాడవచ్చు. చేపల బజారులో తట్టల బేరం చేసే బాలస్వామి బాబాయి అన్నయ్యని తీసుకెళ్ళాడు. ఆ బాబాయి మనిషిని కూడా మొప్ప ఎత్తి చూసే రకం. ఫలానావాడు వారంలో పడతాడు, ఫలానావాడు పైకొస్తాడు అని చెబితే బజారంతా నోరు మూసుకుని వినేది.

అన్నయ్య ఏడుగురిని కొట్టాడు. ఒకడికి పక్కటెముక విరిగింది. ఒకడు నెత్తురు కక్కుకుని తాళ్ళ మీద వేలాడాడు. ప్రతిసారీ అన్నయ్యకీ దెబ్బలు తగిలేవి. ఇంటికొస్తే ముఖం ఉడికిన చిలగడదుంపలా ఉండేది. బజారు మాత్రం ఒకటే మాట పట్టుకుంది. "ఏడు పందేల్లో పాదం కదిలిందా? కదల్లేదు!"

తరవాత గుడారం తాడేపల్లిగూడెం వెళ్ళింది. అక్కడ దేవదానం అనే మనిషితో పందెం పెట్టారు. మిషను పేటవాడు, రంగూన్ రేవులో ఆరేళ్ళు మూటలు మోసి, ఓడ మనుషుల దగ్గర బాక్సింగు నేర్చుకుని వచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం ఆట. ఏలూరు నుంచి పాసింజరులో రెండు పెట్టెల నిండా మనవాళ్ళే. అమ్మ నన్ను తోడు పంపింది. "ఒసే, వాడికి నెత్తికెక్కింది. గెలిచినా ఓడినా నాకు అక్కర్లేదు. ప్రాణంతో తీసుకురా" అంది.

సంత ఆవరణలో ఇసుక పోసి, నాలుగు గుంజలకి తాళ్ళు కట్టారు. దేవదానం చొక్కా విప్పేసరికి మనవాళ్ళు విరగబడి నవ్వారు. సన్నగా, పొడుగ్గా, ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాడు.

"కొంగని తెచ్చార్రోయ్!" అన్నాడెవడో.

"కొంగ కాదురా, కొంగ తినగా మిగిలిన పరిగెపిల్ల" అన్నాడు బాలస్వామి బాబాయి. "ఆ చేతులు చూడండి. పాటల పుస్తకం పట్టుకునే చేతులు. రెండో రౌండు చూడడు."

మధ్యస్థం చూసేది ఎలీయాజరు మాస్టారు. పట్టాళంలో పనిచేసి వచ్చి బడిలో డ్రిల్లు చెప్పేవాడు. అందరికీ వినిపించేలా రూలు చెప్పాడు. "పడితే పది లెక్కపెడతానండీ. లేవకపోతే ఓటమి. తనవాడికి ఇక చాలనిపిస్తే వాళ్ళ పెద్ద తువ్వాలు లోపలికి విసరవచ్చు. అంతే, ఆపేస్తాను." మా తరఫున తువ్వాలు బాలస్వామి బాబాయి భుజం మీద ఉంది.

గంట కొట్టారు. అన్నయ్య నడుచుకుంటూ వెళ్ళి దేవదానం డొక్కలో ఒక్కటి ఇచ్చాడు. తడిబట్ట రాతి మీద బాదిన చప్పుడైంది. దేవదానం నోరు తెరిచి వంగిపోయాడు. మనవాళ్ళ కేకలకి సంతలో ఎద్దులు బెదిరాయి. ఆ తరవాత దేవదానం దొరకలేదు. చుట్టూ తిరుగుతాడు, ఒకటి తగిలిస్తాడు, పక్కకి పోతాడు.

"పారిపోతున్నాడ్రా! వాడి పాదం ఒక్కచోట ఉందా? మనవాడిది చూడండి, మేకు!" అని బాబాయి అరిచాడు.

రెండో రౌండులో నాకు భయం పట్టుకుంది. దేవదానం ఎడమచెయ్యి కొట్టేదంతా ఒకేచోట, అన్నయ్య ఎడమకన్ను మీద. చప్పుడు లేని దెబ్బలు. బజారుకి చప్పుడున్న దెబ్బే దెబ్బ. అందుకని అన్నయ్య గాలిలో విసిరిన ప్రతి గుద్దుకీ ఈలలు వేశారు, దేవదానం తగిలించినవాటిని చూడనైనా లేదు. పది తగిలేసరికి కనుబొమ చిట్లింది. ఇరవై తగిలేసరికి కన్ను మూసుకుపోయి నేరేడుపండు రంగుకొచ్చింది.

మూడో రౌండులో ముక్కు విరిగింది. ఆ చప్పుడు నాకు వినిపించింది, పచ్చి బెండకాయ విరిచినట్టు. నెత్తురు గడ్డం మీంచి ఛాతీ మీదకి, ఛాతీ మీంచి పాదాల మీదకి కారింది. ఇసుక ముద్దకట్టింది. దేవదానం కుడిచెయ్యి పక్కటెముకల కింద దిగినప్పుడు అన్నయ్య నోట్లోంచి నురగ వచ్చింది. ఇంకొకటి చెవి మీద పడింది. చెవిలోంచి కూడా నెత్తురు.

గంట కొట్టగానే నేను పరిగెత్తి బాబాయి చెయ్యి పట్టుకున్నాను. "బాబాయ్, తువ్వాలు వెయ్యండి."

"పిచ్చిదానా! పాదం చూడవే. వేలెడు కదిలిందా? దెబ్బలు తినేవాడు కాదమ్మా అలిసిపోయేది, కొట్టేవాడు అలిసిపోతాడు. ఇప్పుడు చూడు తమాషా."

ఎలీయాజరు మాస్టారు కూడా వచ్చి అడిగాడు. "ఆపమంటారా, బాలస్వామిగారూ?"

"పడ్డాడా మాస్టారూ? పడకుండా ఆపితే ఈ గుంజలు మీ వీపున విరుగుతాయి. మా జనం సంగతి నాకు తెలుసు."

మాస్టారు జనాన్ని ఒకసారి చూసి, వెనక్కి వెళ్ళి గంట కొట్టించాడు.

నాలుగో రౌండులో అన్నయ్య రింగు మధ్యకి నడిచి నిలబడ్డాడు. చేతులు కిందకి వేలాడుతున్నాయి. కుడిచెయ్యి తోలు తొడుగులోనే మెల్లగా తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. నేను పాదాలు చూశాను. నెత్తుటి ఇసుకలో రెండు బొటనవేళ్ళూ లోపలికి ముడుచుకుని ఉన్నాయి.

దేవదానం చెయ్యి ఎత్తి ఆగిపోయాడు. "మాస్టారూ, ఈయన ఇక్కడ లేడండీ" అన్నాడు.

"భయపడ్డాడ్రా కొంగ!" అని జనం లేచింది. దేవదానం ఊరికే అరచేత్తో తోసినట్టు ఒక దెబ్బ వేశాడు. "వాడి చేతిలో పస అయిపోయింది! పెద్దింటీ, ఇప్పుడు కొట్టు!" అని బాబాయి తాళ్ళు పట్టుకుని ఊగాడు. ఒక రాయి వచ్చి దేవదానం వీపున పడింది. ఇంకొకటి తలకి తగిలింది. కంపెనీ మనిషి బయటి నుంచి, "కొట్టవయ్యా, లేకపోతే నిన్ను చంపేస్తారు!" అని అరిచాడు. అప్పుడు దేవదానం పళ్ళు బిగించి నిజంగా కొట్టాడు. దవడ మీద ఒకటి, కణత మీద ఒకటి. అన్నయ్య తల వెనక్కి విరిగి మళ్ళీ ముందుకొచ్చింది. నడుము ఊగింది, అల మీద దోనె ఊగినట్టు. పాదాలు మాత్రం అక్కడే. మూడు వేలమంది ఒక్క గొంతుతో, "కదల్లేదు! కదల్లేదు!"

ఇంకొకటి పడితే అమ్మకి నేను తీసుకెళ్ళేది శవాన్ని.

తాళ్ళ కింద నుంచి దూరాను. నెత్తుట్లో కాలు జారి మోకాళ్ళ మీద పడి, పాకుతూ వెళ్ళి, అన్నయ్య వెనక చేరి, కుడి మోకాలి వెనక చేత్తో తట్టాను.

ఏడుగురు పడెయ్యలేనివాడు ఉన్నచోటే కూలబడ్డాడు. తల నా ఒడిలో పడింది.

ఎలీయాజరు మాస్టారు నన్ను చూశాడు, వాణ్ణి చూశాడు. చెయ్యెత్తి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు... పది అయ్యేసరికి తాళ్ళు తెగాయి.

మొదట వచ్చింది మావాళ్ళే. ఒకడు నా జుట్టు పట్టి ఈడ్చాడు. ఒకడు కడుపులో తన్నాడు. గుంజ ముక్క నుదుటి మీద పడి ఈ మచ్చ చేసింది, చూడండి, ఇప్పటికీ ఉంది. "ఏ లంచం తిన్నావే! గెలిచే మనిషిని పడేశావు కదే!" అని బాబాయే అరుస్తున్నాడు. నేను అన్నయ్య తల మీద వంగి పడుకున్నాను. ఇంకో తన్ను రాలేదు. తలెత్తి చూస్తే దేవదానం మా ఇద్దరికీ అడ్డంగా నిలబడి ఉన్నాడు, తొడుగులు ఊడబెరికి, ఉత్త చేతులతో.

"చెల్లెమ్మా, నువ్వు లేవకు" అన్నాడు.

ముందుకొచ్చినవాడి దవడ పక్కకి పోయింది. రెండోవాడు పొట్ట పట్టుకుని కూర్చుని మళ్ళీ లేవలేదు. కర్ర తెచ్చినవాడి మణికట్టు విరిచి ఆ కర్ర బయటికి విసిరేశాడు. నలుగురు పడ్డాక మిగతావాళ్ళు వెనక్కి తగ్గారు. పాటల పుస్తకం పట్టుకునే చేతులు అవే. ఆ నలుగురిలో ఒకడు రైల్లో తిరిగొస్తూ, ఉబ్బిన దవడతోనే, "దొంగదెబ్బ కొట్టాడు గాని, వాడిలో ఏం లేదండీ" అన్నాడట.

అన్నయ్యకి పదకొండు రోజులు తెలివి రాలేదు. చెంచాతో గంజి పోస్తే సగం చెవి పక్కకి కారేది. పన్నెండో రోజు పొద్దున్న కుడికన్ను తెరిచి నన్ను వెతికి పట్టుకున్నాడు. ఎడమది మరి ఎన్నడూ సరిగా కనబడలేదు.

"పైడీ, నువ్వు తట్టావు కదూ?"

"నేనే, అన్నయ్యా. నేనే పడేశాను. తిట్టుకో."

"తిట్టడమెందుకే. ఒడ్డొచ్చిందనుకున్నా" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

రెండు నెలలకి బాలస్వామి బాబాయి నలుగురిని వెంటబెట్టుకుని పడవలో మా లంకకి వచ్చాడు. అప్పటికి అన్నయ్య లేచి తిరుగుతున్నాడు, కొంచెం మాట తడబడేది. "ఒరే పెద్దింటీ, నిన్ను ఎవడూ ఓడించలేదురా. ఆడపిల్ల చెయ్యి పడింది, అంతే. బజారంతా అదే అంటోంది. మళ్ళీ వాడితోనే పందెం పెట్టించాను. ఈసారి దీన్ని రానివ్వం" అన్నాడు.

అమ్మ గుమ్మంలో గుండె బాదుకుంది. వాణ్ణి చూసిన డాక్టరు చెప్పిన మాట మాకు తెలుసు. తల మీద ఇంకొక్క దెబ్బ పడితే మనిషి ఉండడు.

అన్నయ్య లేచాడు. "వస్తాను, బాబాయ్" అన్నాడు. "అయితే చాలా రోజులైంది. ముందు మీరు పాదం చూడండి. చూశాకే మాట."

ఒడ్డున మా దోనె ఉంది. ఎక్కి నిలబడ్డాడు. బాబాయి, ఆ నలుగురూ మొలలోతు నీళ్ళలోకి దిగి మరీ చూస్తున్నారు. అన్నయ్య గెడ తీసుకున్నాడు, ఒక్క పోటు వేశాడు. వెయ్యబోయే ముందు తల తిప్పి మంచి కంటితో నా వైపు చూశాడు. నేను బొటనవేళ్ళు చూశాను. ముడుచుకోలేదు. హాయిగా విచ్చుకుని ఉన్నాయి.

గెడతో సహా వెల్లకిలా నీళ్ళలో పడ్డాడు. బాబాయి ముఖం మీదకి బురద చిమ్మింది.

మొప్ప ఎత్తి చూసి, నల్లబడిన చేపని పక్కకి పారేసినట్టు బాబాయి వాణ్ణి చూశాడు. నలుగురిలో ఒకడు, "నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను, వాడికి కాలు నిలవదని" అన్నాడు. ఆ మాటతోనే పడవ ఎక్కారు. మర్నాటికి బజారులో దేవదానం ఏనుగుని కూడా పడగొట్టే మనిషైపోయాడు.

పడవ తూడు పొదలు దాటేవరకూ అన్నయ్య నీళ్ళలోనే మెడవరకు కూర్చుని ఉన్నాడు.

"వెళ్ళారా?"

"వెళ్ళారు."

"అయితే ఆ తువ్వాలు ఇటు పడెయ్యవే, చలేస్తోంది."

పడేశాను.