అల్లుడి అరచేతులు

పాప పుట్టి ముప్పై ఆరు రోజులైంది. కన్నతండ్రి ఇంతవరకూ ఒక్కసారైనా ఎత్తుకోలేదు. తొంగి తొంగి చూస్తాడు, నవ్విస్తాడు, నిద్రపోతుంటే పక్కనే కాపలా కూర్చుంటాడు. ఎత్తుకోమంటే మాత్రం రెండు చేతులూ వీపు వెనక్కి పోతాయి. కూతురి కాన్పుకని వచ్చిన అత్తగారు ఇదంతా చూస్తూనే ఉంది, లోలోపల కుతకుతలాడుతూనే ఉంది.

అతను పనిచేసేది పాత ఆప్టికల్ కేబుళ్లు విప్పే షెడ్డులో. మీద ఎంత పని పడ్డా తొందరపడడని అక్కడ అందరూ నిదానం అని పిలుస్తారు. పెళ్లి మాటలప్పుడు కేబుల్ కంపెనీలో ఉద్యోగం అన్నాడు. అబద్ధమేం కాదు. అత్తగారు మాత్రం అల్లుణ్ని మనసులోనే ఫ్యాను కింద కుర్చీలో కూర్చోబెట్టేసుకుంది. ఆ కుర్చీ దిగడానికి ఇతనికీ మొహం చెల్లలేదు. భార్యకు సంగతంతా తెలుసు. అమ్మకు చెప్పొద్దని ఆమె చేత ఒట్టేయించుకున్నాడు.

నేలలోంచి పీకిన కేబుల్ చుట్టలు చుట్టలుగా షెడ్డుకు వస్తుంది. ముందు నల్లటి ప్లాస్టిక్ తొడుగు నిలువునా చీలుస్తాడు. అది కరిగి మళ్లీ ఇంకేదో వస్తువవుతుంది. దాని కింద పసుప్పచ్చటి నూలు, కత్తెరల పదును తినేసే మొండి నూలు. దానికీ కొనేవాళ్లున్నారు. నడుమ ఉక్కు తీగ, అది కొలిమికి పోతుంది. తీగ చుట్టూ సన్నటి గొట్టాలు, వాటినిండా తేమ చేరకుండా పెట్టిన జిడ్డు, ఆ జిడ్డులో రంగురంగుల గాజుపోగులు. ఇన్ని తొడుగులూ ఆ పోగుల కోసమే. ఇన్నాళ్లూ జనం మాటలన్నీ మోసింది అవే. తీరా విప్పాక వాటినే ఎవడూ అడగడు, ఊరికే ఇస్తామన్నా వద్దంటారు. పూత వదలదు, జిడ్డు వదలదు, తెగితే నలుసులు రేగుతాయి. అన్యాయమే మరి, ఏం చేస్తాం. డబ్బాలో వేసి మూత బిగించి ఓ మూలన పెడతారు.

ఆ నలుసే అతని భయం. పోయినేడు ఒకటి మడమలో దిగింది. కంటికి ఆనలేదు గానీ నాలుగు రోజులు కుంటించింది. చేతులకు తొడుగులు వేసుకునే పని చేస్తాడు, పని దిగాక రెండుసార్లు కడుక్కుంటాడు, ఇంటికొచ్చి మూడోసారి. అయినా నమ్మకం లేదు. తను పెద్దవాడు కాబట్టి ఎక్కడ నొప్పో చెప్పగలిగాడు. పసిదానికి గుచ్చుకుంటే ఏడవడం తప్ప ఏం చేస్తుంది? భార్య అతని చాదస్తాన్ని విసుక్కుంది, బతిమాలింది, అలిగింది. ఆమె పోరు పడలేక ఒకరోజు చెయ్యి చాచాడు కూడా. పాప బుగ్గ దాకా వెళ్లిన వేలు వెనక్కి వచ్చేసింది. ఆ రోజు వెనక వాకిట్లోకి పోయి ఏడ్చాడు.

సెలవు రోజు మధ్యాహ్నం భార్య స్నానానికి వెళ్లింది. పాప ఏడుపందుకుంది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని, కాస్త ఎత్తుకోమని అత్తగారు లోపల్నుంచి చెప్పింది. అతను ఉయ్యాల ఊపుతూ నిలబడ్డాడు తప్ప ఎత్తుకోలేదు. ఏడ్చి ఏడ్చి పాప మొహం కందిపోయింది. ఆమె పొయ్యి ఆర్పేసి పరుగున వచ్చి పాపను భుజాన వేసుకుంది. అల్లుడి ఎదుట నిలబడి నాలుగు మాటలు మాట్లాడి ఎరగని మనిషి, ఆ రోజు నిలదీసింది.

"పిల్ల మీకు నచ్చలేదా బాబూ? ఉన్నమాట చెప్పండి."

అతనిక దాచలేదు. కుర్చీ లేదన్నాడు, ఫ్యానూ లేదన్నాడు. షెడ్డు సంగతి, మడమ సంగతి అన్నీ చెప్పేశాడు.

"నా చేతులకి గాజు నలుసులుంటాయి అత్తయ్యా. పాపకి గుచ్చుకుంటే నోరు విప్పి చెప్పలేదు కదా."

ఉద్యోగం గురించి ఏమంటుందోనని తల దించుకున్నాడు. ఆమె ఆ ఊసే ఎత్తలేదు. ఏడుపు మానిన పాపను పడుకోబెట్టింది. అతన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, వెడల్పాటి అంటుటేపు తెచ్చి, వేలు వేలుకీ అద్ది తీసింది. గోళ్ల సందులూ వదల్లేదు. టేపు మీద ఒకచోట ఏదో తళుక్కుమంది. చూశారా అంటూ అతను చేతులు లాక్కోబోయాడు. చూశాను, వచ్చేసిందిగా అని ఆమె మళ్లీ కొత్త టేపు చింపింది. ఈసారి ఏమీ రాలేదు. అయినా అతను చేతులు మళ్లీ వీపు వెనక్కి పెట్టుకోబోయాడు.

అప్పుడామె కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. వంగి, అల్లుడి అరచేతిని తన చెంపకు ఆనించుకుంది. తర్వాత రెండో చేతిని రెండో చెంపకు. కళ్లు మూసుకుని రెప్పల మీద కూడా మెల్లగా రాసుకుంది.

"ఏమీ గుచ్చుకోలేదు" అంది. "రోజూ పని నుంచి రాగానే కడుక్కుని నా దగ్గరికి రండి. ముందు నాకు తగిలాకే దాన్ని ఎత్తుకుందురు గాని."

పాపను తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. అతను పాప తలను మోచేతి వంపులోకి సర్దుకున్నాడు.

"ఇంత తేలిగ్గా ఉంటుందా అత్తయ్యా" అన్నాడు.